ఖాళీ రన్‌వే దగ్గర కాపలా: మూడు ఊళ్ళు, ఒక్క బోయింగ్ 787

పెద్ద విమానాన్ని తనివితీరా చూడాలంటే పెద్ద విమానాశ్రయానికి వెళ్ళకూడదన్నది నా పాత అభిప్రాయం. అక్కడ నిమిషానికొకటి దిగుతుంది, ఏదీ కళ్ళలో నిలవదు. అదే పొద్దుటి నుంచి పిట్ట కూడా వాలని రన్‌వే మీదికి ఉన్నట్టుండి ఓ వైడ్‌బాడీ (వెడల్పాటి పెద్ద విమానం) వచ్చి, చక్రాలు తాకించి, ఆగకుండా లేచిపోయి, కాసేపటికి మళ్ళీ అదే దారిన వస్తే ఆ అందం వేరు. గానుగెద్దులా అదే చుట్టు. దీన్నే సర్క్యూట్ అంటారు, తాకి లేవడాన్ని టచ్ అండ్ గో అంటారు.

ఇదంతా బేస్ ట్రైనింగ్ కోసం. కొత్త రకం విమానం నేర్చుకునే పైలట్‌కు చదువంతా సిమ్యులేటర్‌లోనే, అంటే నేల మీదుండే నకిలీ కాక్‌పిట్‌లోనే అయిపోతుంది. తగినంత అనుభవం ఉన్నవాళ్ళకు అది సరిపోతుంది కూడా. మొదటిసారి పెద్ద జెట్ పట్టే కుర్రవాళ్ళతో మాత్రం ప్రయాణికులు లేని అసలు విమానంలో ల్యాండింగులు చేయిస్తారు. యూరప్ నిబంధనల ప్రకారం మామూలుగా 6. రద్దీ ఉన్నచోట ఈ చుట్లు తిరగనివ్వరు కాబట్టి, పొడవాటి రన్‌వే ఉండీ పనిలేని విమానాశ్రయాన్ని వెతుక్కుంటారు. మనం వెళ్ళాల్సిందీ అక్కడికే.

నేను మొదట వెళ్ళింది జపాన్‌లోని షిమోజిషిమాకి. ఒకినావా ప్రాంతంలో మియాకో దీవి పక్కనున్న చిన్న దీవి అది. 1979లో అక్కడ 3,000 మీటర్ల రన్‌వే వేసిందే పైలట్ల శిక్షణ కోసం. జపాన్ ఎయిర్‌లైన్స్, ఆల్ నిప్పన్ విమాన సంస్థలు రెండూ భారీ బోయింగ్ 747లను తెచ్చి సముద్రం మీంచి దించుతూ ఉండేవి. 2010ల మొదట్లో రెండూ ఒకదాని వెనక ఒకటి తప్పుకున్నాయి. 2019లో ప్రయాణికుల టెర్మినల్ తెరిచారు. ఇప్పుడు వచ్చేవి చాలావరకు ఏ320, 737 లాంటి చిన్న జెట్లే. అంటే నేను వెళ్ళేసరికే పెళ్ళి అయిపోయింది, పందిరి మిగిలింది.

అయినా వెళ్ళినందుకు చింత లేదు. మియాకోలో అద్దె కారు తీసుకుని, 2015లో తెరిచిన 3,540 మీటర్ల ఇరాబు వంతెన మీదుగా వెళ్ళాను. టోల్ లేదు. రన్‌వే ఉత్తరపు కొసను ‘17 ఎండ్’ అంటారు. ఆ దారిలోకి కార్లను రానివ్వరు, కొంత దూరం నడవాలి. దిగే విమానానికి దారి చూపే అప్రోచ్ దీపాలు నీళ్ళలోకి వరసగా వెళ్ళిపోయి ఉంటాయి, పోటు తగ్గితే కింద ఇసుక తేలుతుంది. నీడ అన్నది లేదు. మధ్యాహ్నం వెళ్ళి మాడిపోయాను, మీరు ఆ పని చేయకండి. బస మాత్రం పక్కనే ఉన్న ఇరాబు దీవిలో ఒక ఇంట్లో దొరికింది. చిన్న గది, శుభ్రమైన పడక. మూడు చోట్లలో హాయిగా నిద్రపోయింది అక్కడే.

ఫ్రాన్స్‌లోని షతోరూది ఇంకో కథ. 1951 నుంచి 1967 దాకా అమెరికా వైమానిక స్థావరం. వాళ్ళు వెళ్ళిపోయారు, రన్‌వే మిగిలింది. ఇప్పుడది 3,500 మీటర్లు. ధ్వనిని మించిన వేగంతో ఎగిరిన ఎయిర్ ఫ్రాన్స్ కాంకార్డ్ విమానాల పైలట్లు కూడా ఇక్కడ సాధన చేసినవాళ్ళే. 2020లో విమానాలన్నీ నేలకు దిగినప్పుడు బ్రిటిష్ ఎయిర్‌వేస్ రెండంతస్తుల ఏ380లు కొన్ని వచ్చి తలదాచుకున్నదీ ఇక్కడే. పారిస్ ఆస్టర్‌లిట్జ్ స్టేషన్ నుంచి రైల్లో సుమారు 2 గంటలు. ఊళ్ళో సిటీ బస్సులకు టికెట్ ఉండదు, 2001 నుంచీ ఉచితమే. మొదటి రోజు జేబులో చిల్లర పట్టుకుని డ్రైవర్ ముందు నిలబడితే ఆయన నవ్వి లోపలికి పొమ్మన్నాడు.

మూడు రోజులున్నాను. నిలిపి ఉంచినవి, ఇంజన్లకు గుడ్డ కట్టినవి, రంగుల కోసం వచ్చినవి కంచె అవతల బాగానే కనిపించాయి. ఎగిరేవి మాత్రం ఒక్కటీ రాలేదు. బస చేసిన హోటల్ పేరు చెప్పను గానీ, బుకింగ్‌లో రాసిన ‘రన్‌వే వైపు గది’ తీరా చూస్తే కార్ల పార్కింగ్ వైపు గది. అడిగితే, రన్‌వే కూడా అటే ఉందన్నారు. నిజమే, గిడ్డంగి వెనకాల.

ఇక స్కాట్లాండ్‌లోని ప్రెస్ట్‌విక్. ఈ పిచ్చి ఉన్నవాళ్ళు ఒక్క చోటికే వెళ్ళగలిగితే ఇక్కడికే వెళ్ళాలంటాను. గ్లాస్గో సెంట్రల్ నుంచి ముప్పావు గంట రైలు ప్రయాణం, దిగగానే వంతెన మీదుగా నేరుగా టెర్మినల్‌లోకే. పొగమంచు తక్కువన్న పేరు ఎప్పటినుంచో ఉంది. అట్లాంటిక్ దాటే విమానాలు ఒకప్పుడు ఇక్కడ ఆగేవి. 1960 మార్చి 3న సైన్యం నుంచి ఇంటికి పోతూ ఎల్విస్ ప్రెస్లీ కాలు పెట్టింది కూడా ఇక్కడే. తరవాత ప్రయాణికులు తగ్గి, 2013లో స్కాట్లాండ్ ప్రభుత్వం ఒక్క పౌండుకు కొనుక్కుంది. దాదాపు 3 కిలోమీటర్ల రన్‌వే, సరుకు మోసే 747లు, అమెరికా సైనిక విమానాలు, మధ్యమధ్య శిక్షణ. చూసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

బస పాతకాలపు గెస్ట్‌హౌస్. గోడలు పల్చన, మెట్లు కిర్రుమంటాయి, కానీ రన్‌వేకి నడక దూరం. యజమానురాలు నా కెమెరా చూసి, “గాలి ఆగితే వస్తారు, లేకపోతే రారు” అని ఒక్క ముక్కలో తేల్చేసింది. మొదటి రెండు రోజులూ అడ్డగాలి హోరు. మొదటిసారి దించేవాళ్ళతో అలాంటి గాలిలో ఎవరు సాధన చేయిస్తారు? అందుకే చెబుతున్నా, ఇలాంటి చోట్లకు కనీసం రెండు రోజులు చేతిలో అదనంగా ఉంచుకోండి. విమానాల జాడ చెప్పే యాప్‌లో కోడిగుడ్డు ఆకారపు గీత ఒకదాని మీద ఒకటి పడుతోందంటే ఆట మొదలైనట్టే.

మూడో రోజు ఉదయం గాలి పడిపోయింది. పది దాటాక సముద్రం వైపు నుంచి ఒక 787 వచ్చింది. మొదటి ల్యాండింగ్ కాస్త పొడుగ్గా సాగింది, చక్రాల దగ్గర తెల్లటి పొగ ఆలస్యంగా లేచింది. ఆగలేదు. లోపల ప్రయాణికులూ లేరు, ఇంధనమూ తక్కువే కాబట్టి సగం రన్‌వే మిగిలుండగానే నిక్కి పైకి లేచింది. రెండోసారి ఒక చక్రం ముందు, ఒక చక్రం వెనక. మూడోది బాగుంది. (ఇంజన్ ఆగిపోయినట్టు నటించే అభ్యాసాలు ఇప్పుడు సిమ్యులేటర్‌కే వదిలేస్తారు. 1969లో అమెరికాలోని మోజెస్ లేక్‌లో అలాంటి అభ్యాసం చేస్తూనే జపాన్ ఎయిర్‌లైన్స్ కాన్వేర్ 880 ఒకటి కూలి, ముగ్గురు పోయారు.) నాలుగు, అయిదు ఒకేలా ఉన్నాయి. కంచె పక్కన నాతో పాటు కుక్కను నడిపించుకుంటూ వచ్చిన ఒకాయన తప్ప ఎవరూ లేరు, ఆయన తలెత్తి కూడా చూడలేదు.

ఆరోసారి మాత్రం విమానం లేవలేదు. వేగం తగ్గించుకుని, రన్‌వే పక్కదారి అయిన ట్యాక్సీవే మీదికి తిరిగి, ఇంజన్లు ఆపకుండానే అయిదారు నిమిషాలు నిలబడింది. లోపల ఒకరి ఆరు ల్యాండింగులూ అయిపోయి సీటు చేతులు మారుతోందన్నమాట. తరవాత మెల్లగా మళ్ళీ రన్‌వే కొసకు వెళ్ళింది. కొత్త చేతుల్లో తొలి ల్యాండింగ్ మళ్ళీ కాస్త పొడుగ్గానే పడింది.