డ్రైవ్ లెటర్ మారాక డేటాబేస్ సెటప్ మొరాయిస్తే ఏది మేలు: పాత అక్షరమా, పాత్‌లు దిద్దడమా, రీఇన్‌స్టాలా?

కొత్త డిస్క్ పెట్టగానే డి కాస్తా ఎఫ్ అయి కూర్చుంది. ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, కానీ మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి అప్‌డేట్ వేద్దామంటే సెటప్ మధ్యలో ఆగిపోయి ఎర్రర్ 1327, ఇన్‌వాలిడ్ డ్రైవ్ అంటుంది. డేటా పోయిందేమోనని టెన్షన్ పడకండి, పోలేదు. ఇల్లు అక్కడే ఉంది, డోర్ నంబర్ మారింది, ఇన్‌స్టాలర్ ఇంకా పాత నంబర్ పట్టుకుని తిరుగుతోంది, అంతే.

నన్నడిగితే పాత అక్షరం తిరిగి ఇచ్చేయడమే మేలు, మిగతావేవీ దానికి సరిరావు. డేటాబేస్ సర్వీస్ ఆపి, డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఎఫ్ మీద రైట్ క్లిక్ చేసి డి ఇస్తే నిమిషాల్లో అయిపోతుంది. ఆ డి ని ఏ డీవీడీ డ్రైవో పెన్‌డ్రైవో ఆక్రమించి ఉంటే ముందు దానికి వేరే అక్షరం ఇవ్వండి.

డి ని వదులుకోక తప్పదంటే పాత్‌లు, అంటే సెట్టింగుల్లో రాసి ఉన్న ఫైళ్ల చిరునామాలు, దిద్దాలి. 1327 రాగానే చాలామంది డేటాబేస్ సెట్టింగుల మీద పడతారు గానీ, తరచుగా గొడవ అక్కడుండదు. ఎప్పుడో డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ని డి లోకి మార్చుకుని మర్చిపోయుంటారు, విండోస్ ఇన్‌స్టాలర్ ఆ ఫోల్డర్ల చిరునామాలు కూడా చూస్తుంది, లేని డ్రైవ్ తగలగానే చేతులెత్తేస్తుంది. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో యూజర్ షెల్ ఫోల్డర్స్ కీని ముందు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకుని, డి తో మొదలయ్యే పాత్‌లు సరిచేస్తే చాలాసార్లు అక్కడితో సరి.

సర్వీసే లేవకపోతే మాత్రం పని ఎక్కువ. ఎస్‌క్యూఎల్ సర్వర్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో స్టార్టప్ పారామీటర్లు చూడండి, సర్వర్ సొంత వివరాలు దాచుకునే మాస్టర్ డేటాబేస్ డేటా ఫైల్, దాని లాగ్, ఎర్రర్ లాగ్, మూడింటికీ అక్కడ పాత్ ఉంటుంది. ఆ మూడూ దిద్దినా లేవకపోవచ్చు, ఎందుకంటే మోడల్, టెంప్‌డీబీ లాంటి సర్వర్ సొంత డేటాబేస్‌ల పాత్‌లు మాస్టర్ లోపలే రాసి ఉంటాయి. అప్పుడు 3608 ట్రేస్ ఫ్లాగ్‌తో (సర్వీస్ మొదలయ్యేటప్పుడు ఇచ్చే ప్రత్యేక ఆప్షన్) మాస్టర్ ఒక్కదాన్నే లేపి, ఆల్టర్ డేటాబేస్ కమాండ్‌తో మిగతావాటికి కొత్త పాత్ చెప్పాలి. డిఫాల్ట్ డేటా, లాగ్ ఫోల్డర్లు కూడా మార్చండి. నేను ఒకసారి అవి వదిలేశాను, సర్వీస్ హాయిగా నడిచింది, తర్వాతి అప్‌డేట్ ఫెయిలైంది, చివరికి సెటప్ బూట్‌స్ట్రాప్ కింద ఉండే లాగ్ ఫోల్డర్‌లో డీటెయిల్ ఫైల్ తెరిచి పాత డ్రైవ్ పేరుతో వెతికితే గానీ దొరకలేదు. మైఎస్‌క్యూఎల్ అనే వేరే డేటాబేస్ వాడేవాళ్లకి ఇంత బాధ లేదు, మై.ఐఎన్‌ఐ ఫైల్‌లో డేటాడిర్ లైన్ మారిస్తే సాధారణంగా సర్వీస్ లేస్తుంది.

ఫోల్డర్‌కి డ్రైవ్ అక్షరం తగిలించే సబ్‌స్ట్ కమాండ్‌తో దొంగ డి డ్రైవ్ పెట్టొచ్చుగా అని సలహా ఇస్తుంటారు. వద్దు. మామూలు విండోలో పెట్టిన ఆ డ్రైవ్ ఎక్స్‌ప్లోరర్‌లో మీకు కనిపిస్తుంది గానీ అడ్మిన్‌గా నడిచే సెటప్‌కి మామూలుగా కనిపించదు, వేరే అకౌంట్‌తో నడిచే సర్వీస్‌కీ కనిపించదు, పైగా రీస్టార్ట్ చేస్తే మాయం.

ఇక అంతా పీకేసి మళ్లీ వేయడం. వినడానికి శుభ్రంగా ఉంటుంది, తీరా అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే అదీ విండోస్ ఇన్‌స్టాలరే కాబట్టి అక్కడా 1327 ఎదురవ్వొచ్చు. ఇన్‌స్టాలేషన్ నిజంగా పాడైతే తప్ప దీని జోలికి పోకండి. పోక తప్పదంటే సర్వీస్ ఆపి ఎమ్‌డీఎఫ్ (డేటా), ఎల్‌డీఎఫ్ (లాగ్) ఫైళ్లు పక్కన కాపీ పెట్టుకోండి, మాస్టర్, ఎమ్‌ఎస్‌డీబీ ఫైళ్లతో సహా. లాగిన్లు మాస్టర్‌లో, జాబ్‌లు ఎమ్‌ఎస్‌డీబీలో ఉంటాయి, మీ డేటాబేస్‌ని మాత్రమే అటాచ్ చేస్తే అవి వెంట రావు.