సీఆర్‌వీ వెనక డిఫరెన్షియల్ ఆయిల్: ఇంట్లోనా, షాపులోనా, ఏది మేలు?

స్టీరింగ్ పూర్తిగా తిప్పి పార్కింగ్‌లోంచి మెల్లగా బయటికి తీస్తుంటే, వెనక సీటు కింది నుంచి గుర్రుమని మూలుగు. పాత ఆల్-వీల్-డ్రైవ్ హోండా సీఆర్‌వీ నడిపేవాళ్లలో చాలామందికి ఈ చప్పుడు పరిచయమే. బేరింగ్ పోయిందేమో, వెనక చక్రాలకు పవర్ పంచే గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియలే పోయిందేమో అని టెన్షన్ పడతాం. చాలాసార్లు పాడైంది లోపలి ఆయిల్ మాత్రమే.

నాది 2010 మోడల్. ఉండేది న్యూజెర్సీలో. చప్పుడు మొదలైన రోజే విజయవాడలో ఉన్న బాబాయికి ఫోన్ చేశాను. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీల కింద పడుకుని పనిచేసిన మనిషి. "హౌసింగ్ ఆయిలే కదరా! దానికింత హైరానా ఎందుకు? నైంటీ పోసెయ్" అన్నాడు. లారీ మెకానిక్కుల భాషలో హౌసింగ్ అంటే ఈ డిఫరెన్షియల్ పెట్టె, నైంటీ అంటే 90 నంబర్ గేర్ ఆయిల్.

లారీకైతే అది సరైన మాటే. సీఆర్‌వీలో అలా పోస్తే కొంప మునుగుతుంది. లారీ హౌసింగ్‌లో ఉండేవి క్రౌన్, పినియన్, మరికొన్ని గేర్లు. సీఆర్‌వీలో వాటితోపాటు అదే పెట్టెలో క్లచ్ ప్లేట్లు, రెండు ఆయిల్ పంపులు కూడా ఉంటాయి. ఒక పంపు ప్రొపెల్లర్ షాఫ్ట్‌తో, అంటే ముందు చక్రాల వేగంతో తిరుగుతుంది. రెండోది వెనక చక్రాల వేగంతో. రెండు వేగాలూ సమానంగా ఉన్నంతసేపు ఆయిల్ ఒకదాన్నుంచి ఇంకోదానికి ఊరికే తిరుగుతుంటుంది. మంచులో ముందు చక్రాలు జారాయా, ఒక పంపు ఎక్కువ తోస్తుంది, ప్రెషర్ పెరుగుతుంది, ప్లేట్లు బిగుసుకుని వెనక చక్రాలకు పవర్ అందుతుంది. గట్టి మలుపులోనూ ముందు వెనక వేగాలకు కొంచెం తేడా వస్తుంది. ఆయిల్ బాగుంటే ప్లేట్లు సాఫీగా జారిపోతాయి. పాతబడితే పట్టుకోవడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం. మనకు వినిపించే మూలుగు అదే. అందుకే దీనికి హోండా డ్యూయల్ పంప్ ఫ్లూయిడ్ 2 అని వేరే ఆయిల్ ఉంది. ఇదంతా చెప్తే బాబాయి కాసేపు మాట్లాడలేదు. "లోపల క్లచ్ ఉందని ముందే చెప్పొద్దూ?" అన్నాడు.

చిక్కంతా ఏ సీసాలోని ఆయిల్ పోస్తామన్న దాంట్లోనే ఉంది, పనిలో పెద్దగా లేదు. ఎక్కడ చేయించుకోవాలనేది కూడా దీన్ని బట్టే తేల్చుకోవాలి.

పది నిమిషాల్లో ఇంజిన్ ఆయిల్ మార్చి పంపే షాపుల్ని నా లిస్టులోంచి ముందే కొట్టేశాను. నా స్నేహితుడొకడు అలాంటి చోట "డిఫరెన్షియల్ సర్వీస్" చేయించాడు. బిల్లు మీద 75డబ్ల్యూ-90 అని, అంటే మామూలు గేర్ ఆయిలని, శుభ్రంగా రాసి ఉంది. అంతకుముందు అప్పుడప్పుడు వచ్చే చప్పుడు ఆ తర్వాత ప్రతి మలుపులోనూ వచ్చింది. సరైన ఆయిల్ రెండుసార్లు పోసి, మధ్యలో కొన్నాళ్లు నడిపి, రెండుసార్లూ కక్కిస్తే గానీ దారికి రాలేదు.

డీలర్ దగ్గర ఆ భయం లేదు. ఏ సర్వీస్ ఎప్పుడు చేయించాలో డాష్‌బోర్డు మీద చూపే మెయింటెనెన్స్ మైండర్‌లో 6 అంకె కనిపిస్తే వాళ్లకు విషయం తెలుసు, ఆయిలూ వాళ్ల దగ్గరే ఉంటుంది. కాకపోతే నాకు 150 డాలర్లు చెప్పారు. రెండు సీసాలు, రెండు వాషర్లు కలిపి నాకైన ఖర్చు పాతిక లోపే. వారంటీ పోతుందని కొత్త కార్ల వాళ్లు భయపడుతుంటారు గానీ, సొంతంగా సర్వీస్ చేసుకున్నారన్న ఒక్క కారణంతో వారంటీ ఎగ్గొట్టడానికి ఇక్కడి 1975 నాటి చట్టం ఒప్పుకోదు. రసీదులు దాచుకుంటే చాలు.

ఇక ఇంట్లో. సీఆర్‌వీ కాస్త ఎత్తుగానే ఉంటుంది కాబట్టి జాకీ అక్కర్లేదు, వెల్లకిలా పడుకుని కిందికి జరిగితే చాలు. నాలుగు చక్రాలూ సమంగా ఉన్న నేల మాత్రం తప్పనిసరి. మా డ్రైవ్‌వే వాలుగా ఉంటుందని గ్యారేజీ లోపల చేశాను. రెండు ప్లగ్‌లకూ చదరపు గుంటే, 3/8 అంగుళాల ర్యాచెట్ నేరుగా అందులో కూర్చుంటుంది. పైది ఆయిల్ పోయడానికి, కిందిది వదలడానికి. ముందు పై ప్లగ్ తీయాలి. కిందిది తీసి ఆయిలంతా వదిలేశాక పైది రాకపోతే కారు ఉన్నచోటే ఉండిపోతుంది. నా పై ప్లగ్ పదేళ్ల తుప్పుతో మొండికేసింది. ర్యాచెట్‌కి పైపు తొడిగి, కాలు టైరుకి తన్నిపెట్టి లాగితే టప్పుమని వచ్చింది. ఆ చప్పుడికి ఏదో విరిగిందనే అనుకున్నాను.

కింది ప్లగ్ అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంది. వేళ్ల మధ్య రుద్దితే కాటుకలా మెత్తగా ఉంటే మామూలు అరుగుదలే. గోటికి గుచ్చుకునే ముక్కలు తగిలితే మాత్రం అది ఆయిల్‌తో తీరే రోగం కాదు. కొత్త ఆయిల్ పోయడానికి సీసా వంచేంత చోటు ఉండదు. చేతిపంపో సన్నటి గొట్టమో కావాలి. పై రంధ్రం లోంచి కారేదాకా పోసి, కొత్త వాషర్లతో 47 న్యూటన్ మీటర్లకు బిగించాలి. హౌసింగ్ అల్యూమినియం కాబట్టి ఇక్కడ బలం చూపిస్తే మర చెడుతుంది. తర్వాత ఖాళీ పార్కింగ్ లాట్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి అటు నాలుగు, ఇటు నాలుగు చుట్లు తిరిగాను. మూడో చుట్టుకే మూలుగు ఆగింది. పాత ఆయిల్‌ని అవే సీసాల్లో పోసి కారు సామాన్ల షాపు ఆటోజోన్‌లో ఇస్తే డబ్బులడక్కుండా తీసుకున్నారు.

ఈ ఉత్సాహంతో ఫోక్స్‌వ్యాగన్ టిగువాన్ కిందికో ఆడి క్యూ3 కిందికో దూరకండి. వాటిలో వెనక చక్రాలకు పవర్ పంపే హాల్డెక్స్ వ్యవస్థలో డిఫరెన్షియల్ గేర్ ఆయిల్ వేరు, క్లచ్ ప్లేట్లుండే కప్లింగ్ ఆయిల్ వేరు. ఒకదాని ప్లగ్ అనుకుని ఇంకోదాన్ని తీస్తే మొదటికే మోసం. ఐదో తరం హాల్డెక్స్‌లో ఆయిల్ మార్చి ఊరుకున్నా లాభం లేదు. పంపు విప్పి దాని జల్లెడ కడగాలి, లేదంటే అది పూడుకుపోయి పంపు చస్తుంది. అది తెలిసిన మెకానిక్ పని. ఆల్-వీల్-డ్రైవ్ టయోటా రావ్4 హైబ్రిడ్ అయితే ఈ గొడవే లేదు, దాని వెనక చక్రాలను తిప్పేది ఎలక్ట్రిక్ మోటారు.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఇంట్లో అన్న మాటే లేదు, చాలా కాంప్లెక్సుల్లో పార్కింగ్‌లో రిపేర్లు ఒప్పుకోరు. అప్పుడు హోండాలు చూసే చిన్న మెకానిక్ దగ్గరికి మీ సీసాలు, వాషర్లు మీరే పట్టుకెళ్లండి. డీలర్ కన్నా నేను దీనికే ఓటేస్తాను. సీసాకి ఒక క్వార్ట్, అంటే లీటరుకు కొంచెం తక్కువ. మీ కారుకు పట్టేది లీటరు, మోడల్‌ని బట్టి లీటరుంబావు దాకా. పని అయ్యాక రెండు సీసాలూ అడిగి తీసుకోండి. రెండోదాని సీలు అలాగే ఉంటే ఆయిల్ తక్కువ పోసినట్టే.