చివరి మజిలీగా చెన్నై: గదులు, బస్సులు, ఓపిక

తమిళనాడంతా ఒంటరిగా తిరిగి ఆఖర్న చెన్నైలో నాలుగు రోజులు ఉందాం అనుకునేవాళ్ళు నా గోడు వినండి. చెన్నైలో చూడదగ్గవి లేక కాదు. చేరేసరికి మనలో చూసే ఓపిక మిగలదు. అప్పుడు ఊరిని గుళ్ళూ సముద్రమూ బట్టి కాదు, బ్యాగు ఎక్కడ పెట్టనిస్తారు, గది ఎన్నింటికి ఖాళీ చేయమంటారు, ఆటోవాడు ఎంత సేపు బేరమాడిస్తాడు అన్నవాటిని బట్టి తూకం వేస్తాం. నేను అలాగే వేశాను.

కన్యాకుమారిలో మొదలై రామేశ్వరం, మదురై, తంజావూరు, కుంభకోణం మీదుగా పైకి వచ్చాను. మదురై వరకు బాగానే ఉంది. తంజావూరులో తేడా తెలిసింది. 1010లో రాజరాజ చోళుడు పూర్తి చేసిన గుడి, 216 అడుగుల విమాన గోపురం ఎదురుగా ఉంటే నా కళ్ళు చెప్పుల స్టాండు పక్కన నీడ ఎక్కడుందా అని వెతుకుతున్నాయి. మర్నాడు తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి దగ్గర కూర్చుంటే మాత్రం కాస్త ప్రాణం లేచి వచ్చింది. దానికి సగం కారణం కావేరి గాలి, మిగతా సగం గోడల మీద మన కీర్తనలు చదువుకోగలగడం.

ఒంటరి ప్రయాణంలో అలసట కాళ్ళది కాదండీ. పొద్దున ఏం తినాలి, ఏ బస్సెక్కాలి, వీడు చెప్పేది నిజమా కాదా, అన్నీ మనమే తేల్చుకోవాలి. బాత్‌రూమ్‌కి వెళ్ళాలన్నా బ్యాగు భుజాన వేసుకునే వెళ్ళాలి. ఇద్దరుంటే ఒకరు విసుక్కుంటారు, ఇంకొకరు సర్దుతారు. ఒక్కరే అయితే విసుగూ మనదే, సర్దుబాటూ మనదే. పైగా ఆడమనిషి ఒక్కతే వస్తే లాడ్జి కౌంటర్‌లో ప్రశ్నలు అదనం. రామేశ్వరంలో వరసగా లాడ్జీలు ఎక్కి దిగాను. "సింగిల్‌కి ఇవ్వం" అని కొందరు మొహం మీదే అన్నారు, కొందరు కీస్ బోర్డు నిండా తాళాలు వేలాడుతుండగానే "రూమ్స్ ఫుల్" అన్నారు. క్షేత్రాల్లో ఒంటరిగా వచ్చినవాళ్ళు గదిలో ఏ అఘాయిత్యం చేసుకుంటారోనని వాళ్ళకి భయం. కారణం వాళ్ళు పైకి చెప్పరు, మనకీ తెలుసు. చివరికి దొరికిన గదికి రెట్టింపు కట్టాను. మదురైలో స్టేషన్ ఎదురుగా ఉన్న పెరుమాళ్ మేస్త్రి వీధుల్లో ఈ గొడవ లేదు. ఆధార్ చూపిస్తే తాళం చేతిలో పెట్టారు.

ఇక చెన్నై. కుంభకోణం నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారకముందే కిలాంబాక్కంలో దించేస్తారు. దక్షిణం నుంచి వచ్చే బస్సులకి 2023 డిసెంబరు చివర్లో కొత్తగా తెరిచిన బస్టాండు అది. శుభ్రంగా ఉంది, విశాలంగా ఉంది, ఆ విశాలంతోనే చావొచ్చింది. సిటీ బస్సులు ఆగే చోటుకి బ్యాగు మోసుకుంటూ నడవాలి, అక్కణ్ణుంచి అసలు ఊళ్ళోకి ఇంకో ప్రయాణం. చెన్నై వచ్చేశాం అనుకున్న మనిషికి ఇంకా వండలూరు జూ దగ్గరే ఉన్నామని తెలిస్తే ఎలా ఉంటుందో చూసుకోండి. ఇందులో ఇంకో తమాషా ఉంది. మన నెల్లూరు, తిరుపతి బస్సులు ఎక్కాలంటే ఊరికి ఉత్తరాన ఉన్న మాధవరం బస్టాండుకి పోవాలి. అంటే దక్షిణం నుంచి వచ్చి ఆంధ్రాకి పోయే వాళ్ళు బస్సు దిగి బస్సు ఎక్కడానికి మొత్తం మహానగరం దాటాలి. అందుకని నా సలహా, రైలు దొరికితే రైల్లోనే రండి. తాంబరంలో దింపినా సరే, అక్కడ లోకల్ రైలెక్కితే తిన్నగా ఊరి మధ్యలోని ఎగ్మూర్ స్టేషన్ వస్తుంది.

ఆటోల సంగతి చెప్పి ప్రయోజనం లేదు గానీ చెప్తాను. 2013లో ప్రభుత్వం పెట్టిన మీటర్ రేటు మొదటి 1.8 కిలోమీటర్లకి 25 రూపాయలు, ఆపైన కిలోమీటరుకి 12. ఆ రేటుకి ఇప్పుడు గిట్టదని డ్రైవర్లు అంటారు, అది అబద్ధమని నేననను. కానీ మీటరు మీద గుడ్డ కప్పి, మన బ్యాగు సైజు చూసి, మన మొహంలో నిద్ర చూసి చెప్పే రేటుకి లెక్కేమిటి? ట్రిప్పు మొదట్లో అయితే నవ్వుతూ బేరమాడేదాన్ని. ఆ పొద్దున అడిగినంతా ఇచ్చేశాను. అలసిన మనిషి దగ్గర డబ్బు నిలవదు.

మెట్రోకి మాత్రం వందకి వంద. సెంట్రల్ పక్క స్టేషనే ఎగ్మూర్, మెట్రో ఎక్కితే కూర్చునేలోపు వచ్చేస్తుంది. లిఫ్టులున్నాయి, బోర్డులు తికమక పెట్టవు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. చివరి రోజుల్లో ఈ మూడోది పెద్ద సుఖం.

సిటీ బస్సులు ఇంకో రకం సుఖం. ముందువైపు గులాబీ రంగు పూసిన మామూలు బస్సుల్లో 2021 మే నుంచి ఆడవాళ్ళకి టికెట్ డబ్బుల్లేవు. మన దగ్గర తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రాలో 2025 ఆగస్టులో ఇలాంటిదే వచ్చింది గానీ కండక్టర్‌కి ఆధార్ చూపించి మన రాష్ట్రం వాళ్ళమేనని రుజువు చేసుకోవాలి. ఇక్కడ నన్నెవరూ ఏ ఊరని అడగలేదు. కండక్టర్ తన సీట్లోంచి లేవడు, మగవాళ్ళ డబ్బులు చేతులు మారుతూ ఆయన దాకా పోయి టికెట్లు అలాగే వెనక్కి వస్తాయి. కిటికీ పక్క సీటు దొరికితే దిగబుద్ధి కాలేదు. రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం దగ్గర దిగాలని ముందునుంచీ అనుకున్నాను. 1952లో ఆయన 58 రోజులు నిరాహారంగా ఉండి డిసెంబరు 15న ప్రాణం వదిలిన ఇల్లది. బస్సు అటుగా వెళ్ళింది, నేను లేవలేదు. లేచే ఓపిక లేక లేవలేదు, అంతే.

గది ఎగ్మూర్‌లో తీసుకున్నాను. మ్యాన్షన్లంటూ తిరువల్లిక్కేణిలో చవగ్గా ఉంటాయి గానీ అవి బ్రహ్మచారుల రాజ్యం, మనకి పనికిరావు. ముందు ఒక యాప్‌లో డబ్బు కట్టిన లాడ్జికి వెళ్తే "ఆ బుకింగ్ మాకు రాలేదు, కావాలంటే కొత్తగా తీసుకోండి" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు, తల ఎత్తకుండానే. యాప్ వాళ్ళకి ఫోన్ చేస్తే పాట వినిపించారు. కెన్నెట్ లేన్ వైపు నడిచి, చూసి, బేరమాడి ఇంకో లాడ్జిలో దిగాను. గదికి కిటికీ ఉంది గానీ తెరిస్తే పక్క బిల్డింగ్ గోడే. అయినా దానికే నా ఓటు, ఎందుకంటే అక్కడ 24 గంటల చెక్అవుట్. పొద్దున ఆరుకి దిగితే మర్నాడు ఆరుకే లెక్క. ఎంత స్టార్ హోటలైనా మధ్యాహ్నం పన్నెండుకి తలుపు కొడితే, సాయంత్రం రైలుండే ఒంటరి మనిషికి అది నరకం. గది అడిగేటప్పుడు ఏసీ ఉందా అని తర్వాత అడగండి, ముందు ఇది అడగండి.

ఆ లాడ్జిలో గదులు తుడిచే ఆవిడది సూళ్ళూరుపేట దగ్గర ఊరు. దుప్పటి మార్చడానికి వచ్చి, నా ఫోన్ మాటలు విని తెలుగులోకి దిగింది.

"ఏమ్మా, ఒక్కతే వస్తివా? ఇంట్లో ఏమీ అన్లేదా?"

"అన్నారు, నేనే వచ్చేశా."

"మంచి పని చేస్తివి. మొహమంతా వాడిపోయిందే, అన్నం తిన్న్యావా లేదా?"

ఆ ప్రశ్న రామేశ్వరం నుంచి ఎవరూ అడగలేదు. ఎవ్వళవు, ఎంగే, పోదుం అంటూ గుప్పెడు తమిళ మాటలతో నెట్టుకొచ్చిన నోరు ఆవిడతో అరగంట ఆగకుండా వాగింది. టి.నగర్‌లో మెస్సు ఒకటి ఉందని దారి కూడా ఆవిడే చెప్పింది.

ఇడ్లీ, పొంగల్, సాంబారు సాదం: వీటిమీద నాకు కోపం లేదు, కుంభకోణం కాఫీ మీద అసలే లేదు. కానీ రోజూ మూడుపూటలా అదే వాసనయితే నాలుక మొరాయిస్తుంది. ఆ టి.నగర్ (త్యాగరాయ నగర్) మెస్సులో అరిటాకు మీద ముద్దపప్పు, నెయ్యి, గోంగూర పచ్చడి పడేసరికి చుట్టూ ఎవరున్నారో చూడలేదు. ఉల్లిపాయ ముక్క అడిగితే అడగ్గానే వేశారు. ఆ పేటకి పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి మనవాడే, పక్కనున్న పానగల్ పార్కు పేరులోని రాజావారూ మనవారే. రంగనాథన్ వీధిలోకి మాత్రం బ్యాగుతో అడుగు పెట్టకండి, జనం మనల్ని మోసుకుపోయి అవతల వదిలేస్తారు.

చెన్నైలో నేను మనసుపెట్టి చూసింది ఒక్క ఎగ్మూర్ మ్యూజియం. 1851లో పెట్టింది, శుక్రవారం సెలవు. లాడ్జికి దగ్గర కదా అని వెళ్ళాను. మన అమరావతి స్తూపం పలకలు చాలా భాగం ఇక్కడే ఉన్నాయి, ఇంకో పెద్ద వాటా లండన్‌లో ఉంది. బుద్ధుడి మీదికి వదిలిన నలగిరి ఏనుగు చెక్కడం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. గుండ్రటి ఒకే రాతిలో ఒకవైపు ఏనుగు మదమెక్కి వీధిలో జనాన్ని తొక్కుతుంటుంది, రెండోవైపు అదే ఏనుగు బుద్ధుడి కాళ్ళ దగ్గర మోకరిల్లి ఉంటుంది. మేడ కిటికీల్లోంచి చూసేవాళ్ళు కూడా ఉన్నారు. తంజావూరులో మొద్దుబారిన కళ్ళు ఇక్కడ పనిచేశాయి. బోర్డులు ఇంకా వివరంగా ఉండాల్సింది, ఫ్యాన్లు ఇంకొన్ని ఉండాల్సింది.

మిగతావి త్వరగా. మెరీనాలో నీళ్ళ దాకా ఇసకలో నడవడం అలసినవాళ్ళ పని కాదు, రోడ్డు పక్క గట్టు మీద కూర్చుని సుండల్ (శనగ గుగ్గిళ్ళు) తింటే చాలు. కపాలీశ్వరుడి గుడి మధ్యాహ్నం మూస్తారు, సాయంత్రం నాలుగు దాటాక వెళ్ళండి. మహాబలిపురం ఈసారికి వదిలేశాను.

ఆఖరి రోజు సెంట్రల్‌లో క్లోక్‌రూమ్ ఉందని ధీమాగా వెళ్ళకండి. టికెట్ చూపించాలి, బ్యాగుకి తాళం ఉండాలి, లేకపోతే తీసుకోరు. నా వీపు సంచికి తాళమెక్కడిది? బయట కొట్లో చిన్న తాళం కొని రెండు జిప్పుల్నీ కలిపి వేస్తే అప్పుడు చీటీ రాశారు. విజయవాడకి పొద్దున్నే జనశతాబ్ది ఉంది గానీ మధ్యాహ్నం పినాకినికే సీటు తీసుకున్నాను, నిద్ర చాలదని. పక్క సీట్లో గూడూరు దాకా వెళ్ళే దంపతులు వచ్చే నెల రామేశ్వరం వెళ్తున్నారట, గదులు దొరుకుతాయా అని అడిగారు. మీరిద్దరు కదా, దొరుకుతాయన్నాను.