మా హౌసింగ్ అసోసియేషన్: అద్దె కట్టడం సులువే, సర్వీస్ ఛార్జీల లెక్కే తేలదు

లండన్‌లోని హౌన్‌స్లోలో హౌసింగ్ అసోసియేషన్ (తక్కువ అద్దెకు ఇళ్ళిచ్చే, లాభాపేక్ష లేని సంస్థ) వాళ్ళ రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్‌లో నేనూ మా అబ్బాయీ ఉంటున్నాం. నాకు హాస్పిటల్ ఫార్మసీలో పార్ట్ టైమ్ ఉద్యోగం. జీతం చాలని భాగం యూనివర్సల్ క్రెడిట్‌లో, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే సాయంలో వస్తుంది. అసోసియేషన్ పేరు రాయను. అద్దె విషయంలో వాళ్ళకు ఐదుకు నాలుగు ఇస్తాను, సర్వీస్ ఛార్జీల (బిల్డింగ్‌లో అందరికీ ఉమ్మడిగా అయ్యే ఖర్చుల్లో మన వాటా) విషయంలో రెండు.

ముందు బాగున్నది చెప్తాను. కట్టడానికి దారులు చాలా ఉన్నాయి. డైరెక్ట్ డెబిట్ పెట్టుకోవచ్చు, వెబ్‌సైట్‌లో కట్టొచ్చు, ఫోన్‌లో కట్టొచ్చు. వాళ్ళిచ్చిన కార్డు పట్టుకెళ్తే పేపాయింట్ (బిల్లులు కట్టించుకునే ఏర్పాటు) ఉన్న కొట్లో నగదు కూడా తీసుకుంటారు. డైరెక్ట్ డెబిట్ తేదీ మనమే ఎంచుకోవచ్చు. నాకు యూనివర్సల్ క్రెడిట్ పడిన మర్నాటికి పెట్టమంటే మారు మాట్లాడకుండా పెట్టారు. అద్దె కూడా ఇష్టమొచ్చినట్టు పెంచడానికి లేదు. మాది సోషల్ రెంట్ (ప్రభుత్వ నియమాల ప్రకారం ఉండే తక్కువ అద్దె) కాబట్టి, అంతకుముందు సెప్టెంబర్‌లో ధరల పెరుగుదల ఎంతుందో చూసి, దానికి ఒక శాతం కలిపి, అంతవరకే పెంచాలి. 2024 సెప్టెంబర్‌లో అది 1.7 శాతం. అందుకే 2025 ఏప్రిల్‌లో నా అద్దె 2.7 శాతం పెరిగి వారానికి 144.81 పౌండ్లయింది. బయట ప్రైవేటు ఇళ్ళ అద్దెలు తెలిసినవాళ్ళకు ఇది ఎంత ఊరటో చెప్పక్కర్లేదు.

ఒక్క చిక్కు ఉంది, కొత్తగా చేరేవాళ్ళకు ఇది ఎవరూ చెప్పరు. అద్దె వారం లెక్కన, అదీ ముందుగా. యూనివర్సల్ క్రెడిట్ నెల లెక్కన, అదీ నెల గడిచాక. నెలకు నాలుగు వారాలే కదా అని నాలుగుతో గుణిస్తే బాకీ పడతాం. వారం మొత్తాన్ని 52తో గుణించి 12తో భాగించాలి. నా అద్దె, 18.60 పౌండ్ల సర్వీస్ ఛార్జీ కలిపితే వారానికి 163.41. అంటే నెలకు 708.11. నాలుగు వారాల లెక్కన కడితే ప్రతి నెలా 54.47 పౌండ్లు తక్కువ పడుతుంది, ఏడాది తిరిగేసరికి పెద్ద బాకీ అవుతుంది. ఏప్రిల్‌లో అద్దె మారగానే యూనివర్సల్ క్రెడిట్ ఖాతాలో కొత్త మొత్తాన్ని మనమే చెప్పాలి. ఇది మాత్రం వాయిదా వేయకండి.

ఇక సర్వీస్ ఛార్జీలు. అద్దెకున్న హద్దు వీటికి లేదు. ఫిబ్రవరిలో ఏడాది అంచనా కాగితం వచ్చింది. మెట్ల శుభ్రం, మెట్ల దగ్గర లైట్లు, గడ్డి కోత, మెయిన్ డోర్ ఇంటర్‌కామ్, ఫైర్ అలారం పరీక్షలు, ఆ కింద లిఫ్ట్ నిర్వహణ వారానికి 3.10 పౌండ్లు. మాది మూడంతస్తుల బిల్డింగ్. లిఫ్టే లేదు! కూరగాయల సంచులు మోసుకుంటూ పైకి ఎక్కేది మేమే. లిఫ్ట్ ఉన్నది కారు పార్కింగ్ అవతలి బిల్డింగ్‌లో. వాళ్ళ ఖర్చు ఎస్టేట్ మొత్తానికీ పంచేశారు. ఏడాదికి 161.20, దాని మీద 15 శాతం మేనేజ్‌మెంట్ ఫీజు. మొత్తం 185.38 పౌండ్లు.

ఫోన్ చేస్తే, "అది అంచనా మాత్రమే" అన్నారు. లేని లిఫ్ట్ అంచనాలోకి ఎలా వచ్చిందంటే జవాబు లేదు. కింది ఫ్లాట్‌లో ఉండే గుంటూరు పిన్నిగారు, "ఎందుకమ్మా వాళ్ళతో గొడవ? ఇల్లు ఖాళీ చేయమంటే?" అన్నారు. మనవాళ్ళలో చాలామందికి ఈ భయం ఉంది. "లెక్క అడిగితే ఖాళీ చేయించలేరు పిన్నిగారూ, కోర్టు ఆర్డర్ లేకుండా మనల్ని కదిలించలేరు" అని చెప్పాను. ఆవిడా తన కాగితం తెచ్చి నా చేతికిచ్చారు. అందులోనూ లిఫ్ట్ ఉంది.

మీ టెనెన్సీ అగ్రిమెంట్ తీసి సర్వీస్ ఛార్జీ ఫిక్స్‌డా, వేరియబులా అన్నది చూడండి. మాది వేరియబుల్. అంటే అయిన ఖర్చును బట్టి మారేది. అలాంటప్పుడు 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం మన పక్షాన ఉంటుంది. ఖర్చు సమంజసంగా ఉండాలి. ఖర్చుల సారాంశం రాతపూర్వకంగా అడిగే హక్కు సెక్షన్ 21లో ఉంది. అది అందిన ఆరు నెలల్లోపు అసలు బిల్లులూ రసీదులూ చూపమని సెక్షన్ 22 కింద అడగొచ్చు. తేలకపోతే ఇలాంటి తగాదాలు తీర్చే ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్‌కు వెళ్ళొచ్చు. ఫిక్స్‌డ్ ఛార్జీలకు ఆ ట్రిబ్యునల్ దారి లేదు.

నేను ఈమెయిల్‌లో రాసి, ఫిర్యాదు కూడా పెట్టాను. స్టేజ్ 1 (ఫిర్యాదు మొదటి దశ) జవాబులో వాళ్ళ పాలసీ గురించి పెద్ద వ్యాసం ఉంది, లిఫ్ట్ ఊసే లేదు. స్టేజ్ 2కు వెళ్ళాక ఒకావిడ ఫోన్ చేశారు, ఓపిగ్గా విన్నారు, బిల్డింగ్ ప్లాన్ తెరిచి చూసి తప్పు వాళ్ళదేనని ఒప్పుకున్నారు. లిఫ్ట్ తీసేశారు. పాత ఏళ్ళవి కూడా లెక్కగట్టి నా అద్దె ఖాతాలో జమ చేశారు. పిన్నిగారికీ వచ్చింది. ఆవిడలాంటి మనిషి మొదటి ఫోన్‌లోనే దొరికితే ఈ రివ్యూ వేరేలా ఉండేది.

మెట్ల శుభ్రం సంగతి ఇంకా అలాగే ఉంది. మెయిన్ డోర్ పక్కన గోడకు ప్లాస్టిక్ కవర్‌లో ఒక షీట్ ఉంటుంది. శుభ్రం చేసినవాళ్ళు తేదీ వేసి సంతకం పెట్టాలి. వారం వారం డబ్బు తీసుకుంటున్నారు, షీట్‌లో మాత్రం వారాల తరబడి గడులు ఖాళీ. రెండో అంతస్తు కిటికీ గట్టు మీద దుమ్ములో ఎవరో పిల్లాడు వేలితో వేసిన కారు బొమ్మ చెరగకుండా అలాగే ఉంది. ఆ షీట్‌నూ ఆ గట్టునూ తేదీ కనబడేలా ఫోటోలు తీసి మళ్ళీ ఫిర్యాదు పెట్టాను. స్టేజ్ 1కు పది పని దినాలు, స్టేజ్ 2కు ఇరవై, అదీ నియమం. అప్పటికీ తేలకపోతే ఇళ్ళ ఫిర్యాదులు విచారించే హౌసింగ్ ఆంబుడ్స్‌మన్‌కు రాస్తాను, దానికి ఫీజేమీ లేదు. ఈలోగా అద్దె ఆపుకోవద్దని మా బిల్డింగ్‌లో అందరికీ చెప్తున్నాను, ఎందుకంటే బాకీ పడితే అసలు విషయం పక్కకుపోయి మన బాకీ గురించే మాట్లాడతారు.

శుభ్రం సంగతి తేలాక సర్వీస్ ఛార్జీలకిచ్చిన ఆ రెండు మార్కులను మార్చాలో లేదో చూసి ఇక్కడే రాస్తాను.