నీలింగ్ చైర్ కొనే ముందు టేబుల్ ఎత్తు కొలవండి

నీలింగ్ చైర్‌తో, అంటే సీటు ముందుకు వాలి మోకాళ్ల కింద మెత్త ఉండే కుర్చీతో, నడుము నొప్పి తగ్గుతుందా అని అడిగేవాళ్లకు ముందుగా చెప్పాల్సింది టేబుల్ సంగతి. మామూలు ఆఫీసు టేబుల్ 29, 30 అంగుళాల ఎత్తుంటుంది. ఈ కుర్చీ మీద కూర్చున్న మనిషి మోచేతులు మామూలు కుర్చీలో కన్నా రెండు మూడు అంగుళాలు పైన ఉంటాయి. టేబుల్‌ని అలాగే ఉంచితే కీబోర్డు కోసం కిందికి వంగాలి. నడుము తేలికపడుతుంది గానీ మెడ పట్టేస్తుంది. కొన్నవాళ్లు నెల తిరక్కుండా దాన్ని మూలన పడేయడానికి ఎక్కువగా ఇదే కారణం. టేబుల్ కాళ్ల కింద రెండున్నర అంగుళాల చెక్క దిమ్మలు వేస్తే చాలు, ఖర్చు పెద్దగా ఉండదు. దిమ్మకు పైన కాస్త గుంట తీయించాలి, లేకపోతే టేబుల్ కాలు జారుతుంది. మానిటర్ పై అంచు కంటి ఎత్తుకు రావాలి. ల్యాప్‌టాప్ అయితే విడి కీబోర్డు తప్పదు.

కుర్చీ చేసే పని ఒక్కటే. మామూలు కుర్చీలో తొడ, మొండెం మధ్య కోణం 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. అలా కూర్చుంటే తొడ వెనక కండరాలు బిగిసి కటి ఎముకను వెనక్కి లాగుతాయి, దాంతో నడుము దగ్గర ఉండే సహజమైన వంపు చదునైపోతుంది. 1953లో కీగన్ అనే అమెరికా డాక్టరు ఎక్స్‌రేలు తీసి, ఆ కోణం 135 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు వంపు సహజంగా నిలుస్తుందని చూపించాడు. 1979లో నార్వేలో పీటర్ ఆప్స్‌విక్ రూపకల్పనలో వచ్చిన ‘బాలాన్స్’ కుర్చీది కూడా ఇదే దారి: సీటును ముందుకు వాల్చడం, జారిపోకుండా మోకాలి కింద మెత్త పెట్టడం. అంటే మెత్త ఉన్నది జారకుండా ఆపడానికే, బరువు మోయడానికి కాదు. బరువులో పెద్ద వాటా పిరుదుల మీదే ఉండాలి.

ఇది సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఓ చిన్న పరీక్ష ఉంది. కూర్చున్నాక రెండు కాళ్లూ మెత్త మీంచి కొంచెం పైకెత్తాలి. అలా ఎత్తగానే ముందుకు జారితే వాలు ఎక్కువైనట్టు. 15 నుంచి 20 డిగ్రీల మధ్య మొదలుపెట్టడం మంచిది. ఫోన్లో లెవెల్ చూసే యాప్‌ను సీటు మీద పెడితే కోణం తెలిసిపోతుంది. మెత్త మోకాలి చిప్పకు తగలకూడదు, చిప్ప కింద నాలుగు వేళ్ల దూరంలో ఎముకకు ఆనాలి. చిప్పకే ఆనితే గంటలో నొప్పి మొదలవుతుంది. సీటుకూ మెత్తకూ మధ్య దూరం తక్కువైతే పిక్కలు నొక్కుకుని పాదాలు తిమ్మిరెక్కుతాయి, ఎక్కువైతే ముందుకు జారుతూనే ఉంటారు.

చక్రాలున్న మోడల్‌కు కనీసం రెండు చక్రాలకు లాక్ ఉండాలి. లేకపోతే మొజాయిక్, టైల్స్ నేల మీద మోకాలు మోపగానే కుర్చీ జారిపోతుంది. ఎక్కేటప్పుడు టేబుల్ పట్టుకుని ముందు పక్కగా కూర్చుని, తర్వాత ఒక్కో కాలూ లోపలికి తేవాలి. దిగేటప్పుడు కూడా అంతే.

రోజంతా కూర్చునే కుర్చీ కాదిది. మొదటి వారం ఒకసారికి 20 నిమిషాలు చాలు, తర్వాత కూడా ఒకేసారి గంట దాటనివ్వకూడదు. వెనక ఆనుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి వెన్ను కండరాలు అలసిపోతాయి, అలసిన వెన్ను మళ్లీ గూనిలోకే జారుతుంది. అప్పుడు వాలు సీటు ఉన్నా లేకున్నా ఒకటే. జీఎస్‌టీ లెక్కలు చూసేవాళ్లలో లేవకుండా కూర్చునే తప్పు ఎక్కువ: నెలనెలా 11న అమ్మకాల రిటర్ను (జీఎస్‌టీఆర్-1), 20న పన్ను రిటర్ను (3బి) గడువు. ఆ మధ్య రోజుల్లో బిల్లుల కట్ట పూర్తయ్యేదాకా ఎవరూ లేవరు. మామూలు కుర్చీ పక్కనే ఉంచుకుని మారుతూ ఉంటేనే ఫలితం కనిపిస్తుంది. ప్రింటరు, ఫైళ్లు ఎదురుగానే ఉండాలి. కాళ్లు బిగించి ఉంటాయి కాబట్టి పక్కకు తిరిగితే మెలిక మొత్తం నడుముకే పడుతుంది.

వంగి వంగి కూర్చోవడం వల్ల సాయంత్రానికి వచ్చే నొప్పికి ఇది కొందరికి పనిచేస్తుంది. కాలిలోకి జివ్వున పాకే నొప్పి, కాలు బలహీనపడటం, తిమ్మిరి తగ్గకపోవడం ఉంటే కుర్చీ మార్చి లాభం లేదు, డాక్టరుకు చూపించాలి. మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లు, కాళ్లలో నరాలు ఉబ్బినవాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు.

ఇక మన్నిక. బరంపురం, ఇచ్ఛాపురం వైపు సముద్రపు గాలికి, చెమటకు ముందు పోయేది మెత్తల మీది రెక్సిన్. అంచు కుట్టు దగ్గర పొట్టు లేస్తుంది. ఎండాకాలం లుంగీ కట్టుకుని కూర్చుంటే చర్మానికి అతుక్కుంటుంది కూడా. లోపలి స్పాంజి కూడా సీటు కన్నా మెత్తల్లోనే త్వరగా అణిగిపోతుంది, అక్కడ మందం తక్కువ కదా. బండి సీట్లు కుట్టేవాళ్ల దగ్గర 40 డెన్సిటీ స్పాంజి రెండు అంగుళాలు, పైన అర అంగుళం మెత్తటిది వేయించి, జిప్పు పెట్టిన జీన్స్ గుడ్డ కవరు కుట్టిస్తే కంపెనీ మెత్త కన్నా బాగుంటుంది. కవరు ఉతుక్కోవచ్చు. కిర్రుమంటే చాలావరకు బోల్టులు వదులైనట్టే. నైలాన్ రింగు ఉన్న నట్లు వేసి, నెలకోసారి అలెన్ కీతో బిగించాలి. కొబ్బరి నూనె వేయకండి, దుమ్ము పట్టి ముద్దవుతుంది.

వడ్రంగితో చేయించుకోవాలనుకుంటే మోకాలి మెత్త కింది అడ్డ చెక్కను మేకులతో కొట్టనివ్వొద్దు. ముందుకు తోసే బలమంతా అక్కడే పడుతుంది, మేకులు వదులవుతాయి. చెక్క గుండా బోల్టులు బిగించాలి. కోణం మార్చుకునేలా రెండు మూడు రంధ్రాలు ముందే వేయించాలి.

చీర కట్టుకునేవాళ్లకు ఈ కుర్చీ ఇబ్బందే. కుచ్చిళ్లు మోకాలి కింద నలిగి చిక్కుకుంటాయి, అంచు చక్రాల్లో పడుతుంది. వాళ్లకు మామూలు కుర్చీ మీద వాలు దిండు నయం: 16 అంగుళాల లోతు, వెనక 4 అంగుళాలు, ముందు ఒక అంగుళం మందం, గట్టి స్పాంజి. వాలు పది డిగ్రీలే కాబట్టి నీలింగ్ చైర్ అంత తేడా రాదు, కానీ మోకాళ్ల మీద భారం ఉండదు, పూటంతా కూర్చోవచ్చు. ముందు అంచు గుండ్రంగా కోయించండి, లేకపోతే తొడ కింద నొక్కుకుంటుంది.