మసాయ్ మారాలో టికెట్టు పన్నెండు గంటలే

2024 సెప్టెంబరులో మేం నలుగురం ఆడవాళ్లం కెన్యా వెళ్లి మసాయ్ మారా అభయారణ్యం చూసొచ్చాం. చూసినవన్నీ ఇంకా కళ్లలోనే ఉన్నాయి. కానీ మా దగ్గర డబ్బు కట్టించుకున్న ట్రావెల్స్ వాళ్ల మీద కోపం మాత్రం చల్లారలేదు. వాళ్లు దాచిపెట్టిన ఒక్క ముక్క మాకు ముందే తెలిసుంటే గేటు దగ్గర అంత అవస్థ పడేవాళ్లం కాదు. ఆ ముక్క మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మేమంటే నేను, మా వదిన, నాతో డిగ్రీ చదివిన లెక్కల టీచరు, మా అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్ ఆవిడ. వదినకి 61 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పై ఫ్లోర్ ఆవిడ గుడ్డు కూడా ముట్టదు, పైగా బీపీ. ప్యాకేజీ మనిషికి 1,780 డాలర్లు, అంటే లక్షా 49 వేల పైచిలుకు. హైదరాబాద్ నుంచి ముంబై మీదుగా నైరోబీకి రానూపోనూ విమానం 46,200. ల్యాండ్ క్రూజర్ మా నలుగురికే. ఇంకాస్త చవగ్గా వ్యాన్లు కూడా దొరుకుతాయి గానీ, మోకాళ్లు, నడుము నొప్పులున్నవాళ్లు ఆ గతుకుల్లో వ్యాను జోలికి పోవద్దు.

బయల్దేరే ముందు పనులు రెండు. ఎల్లో ఫీవర్ టీకా నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేయించుకున్నాం. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఆ పసుపు కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి క్వారంటైన్‌కి పంపొచ్చు. అరవై దాటినవాళ్లు ముందు డాక్టరుకి చూపించుకోవాలి. వదిన కోసం మేం లెటర్ రాయించుకుని వెళ్లాం. రెండోది ఈటీఏ, అంటే ఆన్‌లైన్‌లో ముందే తీసుకునే ప్రయాణ అనుమతి. కెన్యా 2024 జనవరి నుంచి వీసా తీసేసి ఇది పెట్టింది. ప్రభుత్వ సైట్‌లో ఫీజు 30 డాలర్లు, కార్డు ఛార్జీలు దానికి అదనం. మా ట్రావెల్స్ వాళ్లు తలకి 55 తీసుకున్నారు. మనమే కూర్చుని చేసుకుంటే అరగంట పని. అప్పుడే మాకు అనుమానం రావాల్సింది.

ముందు నైవాషా సరస్సులో పడవ ఎక్కాం, నీటిగుర్రాలు చూశాం, హాయిగా గడిచింది. నకూరు సరస్సు పార్కులో ఖడ్గమృగాలు బాగా కనిపించాయి. ఫ్లెమింగోల కోసమే వెళ్లేవాళ్లు మాత్రం ఆశ తగ్గించుకోండి. సరస్సులో నీళ్లు పెరిగాక అవి బాగా తగ్గిపోయాయట, మాకు దూరంగా గులాబీ గీతలా ఒక గుంపు కనిపించిందంతే.

మూడో రోజు నకూరు నుంచి మారాకి బయల్దేరాం. మధ్యలో నరోక్ అనే ఊళ్లో మధ్యాహ్నం భోజనం. షెడ్యూలులో ఉన్నది టూరిస్టులు ఆగే పెద్ద బఫే హోటలు. అప్పటికి రెండు రోజులుగా ఉడకబెట్టిన క్యారెట్టూ బీన్సూ తిని పై ఫ్లోర్ ఆవిడ మొహం వాడిపోయింది. మా డ్రైవరు అది గమనించి, "మామా, మేం తినే చోటికి వస్తారా?" అని అడిగాడు. స్వాహిలీలో పెద్ద ఆడవాళ్లని గౌరవంగా 'మామా' అని పిలుస్తారు. అంటే అమ్మ అని. మొదటి రోజు ఆ పిలుపు విని నలుగురం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. మూడో రోజుకి పిలిచేలోపే పలకడం అలవాటైపోయింది.

రేకుల కప్పు, పొడుగాటి బల్లలు, లోపల పెద్ద పెనం మీద చపాతీలు కాలుస్తున్న ఇద్దరు ఆడవాళ్లు. చపాతీని చపాతీ అనే అంటారు, టీని చాయ్ అనే అంటారు. రైలుమార్గం వేయడానికీ, వ్యాపారానికీ వెళ్లిన మనవాళ్లతో చపాతీ అక్కడికి చేరింది. చపాతీల్లోకి న్‌డెంగు అని పెసల కూర. ఉల్లిపాయ, టమాటా వేసి చిక్కగా ఉడికించారు. మా అమ్మమ్మ చేసే పెసల పులుసులో చింతపండు మానేస్తే ఇలాగే ఉంటుంది. ఉగాలి అంటే తెల్ల మొక్కజొన్న పిండితో చేసే గట్టి సంకటి. డ్రైవరు చిన్న ముద్ద తీసుకుని, బొటనవేలితో గుంట చేసి, అందులోకి సుకుమా వికి అనే ఆకుకూర ఎత్తుకుని తినడం చూపించాడు. ఆ పేరుకి అర్థం వారాన్ని నెట్టుకొచ్చేది అని. డబ్బు చేతిలో లేని రోజుల్లో ఇంటిని నడిపించే కూర. పై ఫ్లోర్ ఆవిడ సంచీలోంచి కందిపొడి సీసా తీసి సంకటి మీద చల్లుకుంది, అతనికీ కాస్త వేసింది. ఆ రోజు ఆవిడ మూడు చపాతీలు తిన్నది. ఐదుగురికి బిల్లు 1,400 షిల్లింగులు, మన డబ్బులో 900 చిల్లర. ఆ ట్రిప్పు మొత్తంలో డబ్బు ఖర్చుపెట్టినందుకు పూర్తిగా తృప్తి కలిగింది అక్కడే.

నాలుగు గంటలకి మారా లోపలికి వెళ్లే సెకెనానీ గేటు దూరంగా కనిపించింది. బండి గేటు దాకా వెళ్లకుండా పక్కకి తిరిగింది. మా ఓచర్ మీద 'మసాయ్ మారా లోపల టెంటు బస' అని ఉంది. ఆ టెంటు గేటు బయట ఉంది. సామాను దించకుండానే టీచరు షెడ్యూలు తీసి చూపించింది: మూడో రోజు సాయంత్రం గేమ్ డ్రైవ్, అంటే బండిలో తిరుగుతూ జంతువుల్ని చూడటం. డ్రైవరు మెల్లగా చెప్పాడు. టికెట్టు ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకే చెల్లుతుంది. బయట ఉండేవాళ్లు ఏ రోజు లోపలికి వెళ్లినా ఆ రోజుకి కొత్త టికెట్టు కొనాలి. జనవరి నుంచి జూన్ వరకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు వరకు 200. అతనికి ఆఫీసు నుంచి వచ్చినవి రెండు రోజుల టికెట్లే. ఆ సాయంత్రం వెళ్లాలంటే మనిషికి ఇంకో 200, నలుగురికి 800, అంటే 67 వేల రూపాయలు. రెండు గంటల కోసం.

టీచరు అక్కడే బానెట్ మీద కాగితం పెట్టి లెక్క వేసింది. షెడ్యూలులో మారాలో నాలుగు గేమ్ డ్రైవ్‌లు ఉన్నాయి. వచ్చిన సాయంత్రం, రెండు పూర్తి రోజులు, వెళ్లే రోజు ఉదయం. అన్నీ చేయాలంటే మనిషికి నాలుగు టికెట్లు, 800 డాలర్లు. మాకు కట్టినది 400. ట్రావెల్స్ అతనికి ఫోన్ చేస్తే, "మేడమ్, టికెట్లు రెండు రోజులకని మూడో పేజీలో రాశాం కదా" అన్నాడు. రాశాడు నిజమే, చీమ తలకాయంత అక్షరాల్లో. మొదటి పేజీలో నాలుగు డ్రైవ్‌లని పెద్దక్షరాల్లో రాసిన మనిషే. టెంటు లోపల అని రాశావే అంటే, "మారా ఏరియాలోనే ఉంది కదా మేడమ్" అన్నాడు. పై ఫ్లోర్ ఆవిడకి టెన్షన్‌తో తల తిరిగింది, కూర్చోబెట్టి మాత్ర వేశాం. పోనీ కట్టేద్దాం, ఇంత దూరం వచ్చి వాదులాడుకోవడమేంటి అని వదిన పర్సు తీసింది.

ఆపింది డ్రైవరే. "ఇప్పుడు లోపలికి వెళ్తే అరగంటలో వెనక్కి తిరగాలి మామా. ఆ డబ్బు ఉంచుకోండి. రేపు ఆరుకి గేటు దగ్గర మన బండే ముందుండాలి, సాయంత్రం ఆరు దాకా లోపలే ఉందాం" అన్నాడు. మేం టికెట్టు కొంటే అతని ఆఫీసుకి సంతోషమే. అయినా మా పక్షాన మాట్లాడాడు.

ఇక ఆ టెంటు. కరెంటు రాత్రి పదికి ఆపేస్తారు, జెనరేటర్ మీద నడుస్తుంది కాబట్టి అది అర్థం చేసుకోవచ్చు. వేడినీళ్లు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది అన్నారు, మాకు ఏడుంపావుకే చల్లబడ్డాయి. గుమ్మం జిప్పు సగంలో ఇరుక్కుపోతే మూడు రాత్రులూ సేఫ్టీ పిన్నులు పెట్టుకుని పడుకున్నాం. మారా మంచి ఎత్తు మీద ఉంటుంది, రాత్రి స్వెటరూ మేజోళ్లూ లేకపోతే వణికిపోతారు. ఒక్క మంచిపని, పడుకునే వేళకి దుప్పట్ల కింద వేడినీళ్ల రబ్బరు సంచీ పెట్టి వెళ్లేవారు. వదిన దాన్ని మోకాళ్ల మధ్య పెట్టుకుని నిద్రపోయేది.

మర్నాడు ఆరుకి ఐదు నిమిషాల ముందే గేటు దగ్గర ఉన్నాం. మంచు ఇంకా గడ్డి మీదే ఉంది. ఎనిమిదిన్నరకి డ్రైవరు సన్నగా "దూమా" అని ఇంజను ఆపేశాడు. స్వాహిలీలో చీతాని అలా అంటారు. పాతిక, ముప్పై మీటర్ల దూరంలో చెదపుట్ట మీద తల్లి నిటారుగా కూర్చుని ఉంది. కంటి కొస నుంచి మూతి దాకా నల్లటి చార, కాటుక కరిగి కారినట్టు. పుట్ట కింద రెండు పిల్లలు ఒకదాని తోక ఒకటి పట్టి లాగుతున్నాయి. తల్లి వాటి వంక చూడలేదు, దూరంగా మేస్తున్న జింకల మీదే చూపు. మన దేశంలో 1952లోనే ఇది అంతరించిపోయిందని ప్రకటించారు, మొన్న 2022లో నమీబియా నుంచి తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కునో పార్కులో వదిలారు. మనం పోగొట్టుకున్న జంతువు అలా నింపాదిగా పిల్లల్ని పెట్టుకుని కూర్చుని ఉంటే గొంతు పూడుకుపోయింది. కాసేపటికి ఇంకో బండి వచ్చింది, ఇంకోటి వచ్చింది. ఒక జంతువు దగ్గర ఐదు బళ్లకి మించి ఉండకూడదని రూలు. మా వెనక రెండు ఎదురుచూస్తుంటే మా అతను ఎవరూ అడక్కుండానే బండి తీసేశాడు.

నది దగ్గర మాత్రం ఆ రూలు ఎవరికీ గుర్తులేదు. గేదె ఒళ్లు, గుర్రం జూలు, మేక గడ్డం ఉన్న వైల్డ్‌బీస్టులు వేలకి వేలు మారా నది ఒడ్డున నిలబడ్డాయి. పది లక్షలకి పైగా ఉండే మంద ఇది, పచ్చిక కోసం ఏటా టాంజానియా సెరెంగెటీ నుంచి తిరుగుతూ వస్తుంది. మూడు గంటలు చూశాం. ముందున్నది నీళ్ల దాకా దిగుతుంది, వాసన చూస్తుంది, ఆగుతుంది. ఆ క్షణంలో ఐదారు బళ్లు ఫొటోల కోసం ఒడ్డు అంచుకి దూసుకుపోయాయి. అవి దిగే దారే మూసేశారు. మంద మొత్తం దుమ్ము రేపుకుంటూ వెనక్కి మళ్లిపోయింది. మేం నది దాటడం చూడలేదు. చూడనందుకు కాదు, అలా తరిమేసినందుకు బాధ. దయచేసి మీ డ్రైవరుని ముందుకు పొమ్మని తొందరపెట్టకండి.

ఆడవాళ్లకి ఒక మాట. పన్నెండు గంటలు లోపల ఉంటే బాత్రూములు ఎక్కడో తప్ప దొరకవు. భయపడి నీళ్లు తాగడం మానేయకండి, మొదటి రోజు మా టీచరు అలా చేసి సాయంత్రానికి తలనొప్పితో పడిపోయింది. డ్రైవరుకి మొహమాటం లేకుండా చెప్పండి, చుట్టూ చూసి బండి చాటున సురక్షితమైన చోట ఆపుతాడు. స్టీలు సీసాలు పట్టుకెళ్లండి, వాడి పారేసే ప్లాస్టిక్ సీసాల్ని పార్కుల్లోకి రానివ్వరు. పచ్చళ్లు పాలిథిన్ కవర్లలో కట్టకండి, ఆ దేశంలో క్యారీ బ్యాగులు 2017 నుంచే నిషేధం.

బెలూన్ రైడ్ మనిషికి 450 డాలర్లన్నారు, వద్దనుకున్నాం. డ్రైవరుకి రోజుకి పది డాలర్లు ఇద్దామనుకుని వెళ్లినవాళ్లం, చివరికి నలుగురం కలిపి 160 ఇచ్చాం. అది కూడా తక్కువే అంది వదిన.

ట్రావెల్స్ అతను తిరిగొచ్చాక తలకి 50 డాలర్లు వెనక్కిస్తానన్నాడు, దానికి బదులు మంచి రివ్యూ రాయాలట. మేం ఒప్పుకోలేదు. మీరు డబ్బు కట్టే ముందు మూడే అడగండి: టెంటు గేటుకి లోపలా బయటా, టికెట్లు ఎన్ని రోజులకి, ఏ డ్రైవ్‌కి ఏ టికెట్టు. జవాబు ఫోన్‌లో వద్దు, రాతలో తీసుకోండి. గేటు బయట బస చేస్తే వచ్చిన సాయంత్రం లోపలికి వెళ్లే ప్లాన్ అసలు పెట్టుకోవద్దు.

మళ్లీ వెళ్తే జూన్‌లో వెళ్దామంటోంది టీచరు. టికెట్టు సగం, జనమూ తక్కువ. వలస మందలు ఉండవు గానీ సింహాలు, ఏనుగులు, చీతాలు ఏడాదంతా అక్కడే ఉంటాయి. పై ఫ్లోర్ ఆవిడ ఇప్పుడే సరేనంది. వదిన మోకాళ్ల డాక్టరుని అడిగి చెప్తానంది.