పాత కినెక్ట్‌కి ఏది మేలు: లిబ్‌ఫ్రీనెక్టా, మైక్రోసాఫ్ట్ ఎస్‌డీకేనా?

ఫైనలియర్ ప్రాజెక్టుల కాలం వస్తే చాలు, విజయవాడ, గుంటూరు ఇంజినీరింగ్ పిల్లలు ఇదే అడుగుతారు. ఎక్స్‌బాక్స్ 360 గేమ్ కన్సోల్ కోసం మైక్రోసాఫ్ట్ చేసిన, ఒంటి కదలికల్ని చూసే కెమెరా కినెక్ట్ సెకండ్ హ్యాండ్‌లో దొరికింది, ల్యాప్‌టాప్‌కి తగిలించాలి, ఔత్సాహికులు రాసిన డ్రైవర్ లిబ్‌ఫ్రీనెక్ట్ వేసుకోవాలా, కంపెనీ ఇచ్చిన ప్రోగ్రాములు రాసుకునే కిట్ (ఎస్‌డీకే) వేసుకోవాలా అని.

కినెక్ట్ అమెరికాలో 2010 నవంబర్ 4న అమ్మకానికొచ్చింది. ఓపెన్ డ్రైవర్ రాసినవాళ్లకి బహుమతి ఇస్తామని ఎలక్ట్రానిక్స్ కిట్లు అమ్మే ఎడాఫ్రూట్ కంపెనీ ప్రకటిస్తే, హెక్టర్ మార్టిన్ నవంబర్ 10కల్లా రాసి 3000 డాలర్లు గెలుచుకున్నాడు. లిబ్‌ఫ్రీనెక్ట్ అలా మొదలైంది. మైక్రోసాఫ్ట్ మొదట గుర్రుమన్నా నెల తిరక్కుండానే మెత్తబడింది. 2011 జూన్‌లో ఎస్‌డీకే బీటా, 2012 ఫిబ్రవరిలో 1.0 ఇచ్చింది. ఈ మోడల్‌కి ఆఖరిది 2013 సెప్టెంబర్‌లో వచ్చిన 1.8. ఆ తర్వాత దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు.

ఎస్‌డీకే బలమంతా అస్థిపంజరం ట్రాకింగ్‌లో ఉంది. ఇద్దరు మనుషులకి తలా 20 కీళ్ల స్థానాలు నేరుగా మీ కోడ్‌లోకి వస్తాయి. ప్రతి పిక్సెల్ ఎంత దూరంలో ఉందో చెప్పే లోతు చిత్రం నుంచే లెక్క కడుతుంది కాబట్టి లైట్లు ఆర్పేసిన హాల్లోనూ పనిచేస్తుంది. పెట్టుకోవడమూ తేలికే. కినెక్ట్ తీగ పీకేసి ఉంచి 1.8 ఇన్‌స్టాల్ చేయాలి, తర్వాత డెవలపర్ టూల్‌కిట్, ఆపైన సెన్సర్ తగిలించాలి. ఈ వరస తప్పితే విండోస్ వేరే డ్రైవర్ అంటగట్టే ప్రమాదం ఉంది. విండోస్ 10లో కూడా నడుస్తుంది.

లైసెన్స్ మాత్రం చదివి తీరాలి. 360 సెన్సర్‌ని ఈ ఎస్‌డీకేతో వాడుకునే అనుమతి ప్రోగ్రాం రాసుకోవడానికి, పరీక్షించుకోవడానికే. షాపులోనో ప్రదర్శనలోనో శాశ్వతంగా నడపాలంటే ‘కినెక్ట్ ఫర్ విండోస్’ సెన్సర్ ఉండాలన్నది వాళ్ల షరతు. 40 సెంటీమీటర్ల దగ్గర నుంచి చూసే నియర్ మోడ్ కూడా దానికే ఉంది. 360 సెన్సర్‌కి మనిషి కనీసం 80 సెంటీమీటర్లు ఎడంగా నిలబడాలి.

నా దృష్టిలో తేల్చే విషయం వేరే: పని ఆగినప్పుడు లోపల ఏం జరుగుతోందో మనం చూడగలమా? ఎస్‌డీకేలో చూడలేం. కీలు తప్పుచోట పడితే ఎందుకు పడిందో తెలియదు, సరిచేసేవాళ్లు లేరు. లిబ్‌ఫ్రీనెక్ట్‌లో యూఎస్‌బీ మీద వెళ్లే ప్రతి ఆదేశమూ కళ్లెదుటే ఉంటుంది. వైవాలో ‘ఈ అంకె ఎక్కణ్నుంచి వచ్చింది’ అని అడిగితే కోడ్ తీసి చూపించవచ్చు.

ఉబుంటులో ఫ్రీనెక్ట్ ప్యాకేజీ వేసుకుని, సెన్సర్ బొమ్మ చూపించే ఫ్రీనెక్ట్-జీఎల్‌వ్యూ ప్రోగ్రాం నడపండి. బొమ్మ రాకపోతే ముందు యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ ఆదేశం కొట్టి చూడండి. మోటర్, కెమెరా, ఆడియో అని మూడు పరికరాలు కనబడాలి. మోటర్ ఒక్కటే కనబడితే అడాప్టర్ నుంచి 12 వోల్టులు అందడం లేదన్నమాట. కెమెరా కనబడుతున్నా తెరుచుకోకపోతే జీఎస్‌పీసీఏ-కినెక్ట్ అనే కెర్నల్ మాడ్యూల్ దాన్ని ముందే పట్టేసుకుని ఉంటుంది. దాన్ని తీసేసి, బూట్‌లో మళ్లీ రాకుండా బ్లాక్‌లిస్టులో పెట్టండి. సూడోతో నడిచి మామూలుగా నడవకపోతే మామూలు యూజర్‌కి పరికరం వాడే అనుమతినిచ్చే యూడెవ్ రూల్స్ వేయలేదని అర్థం. అడుగున 1473 అని రాసి ఉన్న మోడల్‌కి ఇంకో మెలిక ఉంది. అందులో మోటర్, లైటు ఆడియో పరికరం ద్వారా కదులుతాయి, దానికి ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. 1414 దొరికితే ఈ గొడవ లేదు.

మరి అస్థిపంజరం? లిబ్‌ఫ్రీనెక్ట్‌లో లేదు. ఒకప్పుడు అది పెద్ద లోటే, ఇప్పుడు కాదు. రంగు చిత్రాన్ని గూగుల్ లైబ్రరీ మీడియాపైప్‌కి ఇస్తే ఒంటిమీద 33 బిందువులు ఇస్తుంది. లోతుని ‘రిజిస్టర్డ్’ ఫార్మాట్‌లో అడిగితే రంగు చిత్రంతో సరిపోలేలా, మిల్లీమీటర్లలో వస్తుంది. బిందువు ఉన్నచోట ఒక్క పిక్సెల్ నమ్మకుండా చుట్టూ 5×5 గడి తీసుకుని, సున్నాలు వదిలేసి, మధ్యస్థం పట్టండి. సున్నా అంటే దూరం తెలియలేదని, సెన్సర్‌కి ఆనుకున్నారని కాదు. మామూలు 11 బిట్ల ఫార్మాట్‌లో అదే 2047గా వస్తుంది. ఈ దారికి వెలుతురు కావాలి, చీకటి హాలైతే ఎస్‌డీకేనే గెలుస్తుంది.

రెండూ ఒకే విండోస్‌లో పెట్టుకుందామనుకోకండి. లిబ్‌ఫ్రీనెక్ట్ కోసం జాడిగ్ అనే టూల్‌తో డ్రైవర్ మారిస్తే ఎస్‌డీకేకి సెన్సర్ కనబడదు.

అడాప్టర్ లేకుండా అమ్మేవాళ్లు చాలామంది. సెన్సర్‌కి కావలసింది 12 వోల్టులు, 1.08 ఆంపియర్లు. సీసీ కెమెరాలకి వాడే 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్ సరిపోతుంది. తీగ కోసి అతికేటప్పుడు రంగుల్ని నమ్మకుండా మల్టీమీటర్‌తో ఏది ఏదో చూసుకోండి, 12 వోల్టులు 5 వోల్టుల తీగలోకి వెళితే ల్యాప్‌టాప్ పోర్టు కాలిపోతుంది. రెండు సెన్సర్లు పెట్టాలంటే ఒక్కోదానికి వేరే యూఎస్‌బీ కంట్రోలర్ కావాలి, హబ్ పనికిరాదు.

ఎక్స్‌బాక్స్ వన్ కినెక్ట్ బొమ్మ మెరుగు, 25 కీళ్లు ఇస్తుంది. కాని యూఎస్‌బీ 3.0, దాని ప్రత్యేక అడాప్టర్ రెండూ కావాలి, ఆ అడాప్టర్ తయారీ 2018లోనే ఆపేశారు. నింటెండో వీ గేమ్ కన్సోల్ రిమోట్ చేతి కదలిక వరకైతే చవకలో బ్లూటూత్‌తో పనైపోతుంది, ఒంటిని చూడదు.

డెమోకి పది రోజులే ఉండి, చేతిలో విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే ఎస్‌డీకే 1.8 వేసుకోండి, తప్పేం లేదు. నెల రోజులుంటే లిబ్‌ఫ్రీనెక్టే. ఏది పెట్టినా, డెమో జరిగే గదిలోనే, అదే వేళకి ఒకసారి పరీక్షించండి. సెన్సర్ చల్లే పరారుణ చుక్కల్ని ఎండ ముంచేస్తుంది. మన మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి నేలమీద పడితే ఆ మేర లోతు చిత్రంలో నల్లటి గుంత కనబడుతుంది. మందపాటి తెరలు దించితే పోతుంది.